నల్లరాతి మీద నక్షత్రం

“పోయినసారి క్రిస్మస్ నక్షత్రానికి కరెంటు వైరు కొండ పైనుంచి కింద దాకా ముప్పై అయిదు మీటర్లే పట్టింది. నలభై మీటర్ల తాడు చాలు,” అన్నాడు సొలొమోను, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు.

చిల్లకల్లులో ఆయన ఇంటి అరుగు మీద రెండు కొత్త తాళ్ళు చుట్టలుగా ఉన్నాయి. ఒకటి నలభై మీటర్లది, రెండోది ఎనభై. విజయవాడలో కొండలెక్కడం నేర్పే బెన్ని రెండూ తెచ్చాడు, నచ్చింది ఉంచుకోమని.

“వైరు ఊరికే వేలాడుద్ది సార్,” అన్నాడు బెన్ని. “తాడు అట్లా కాదు. మనిషితో పాటు పైకి పోవాలి, పైన కొక్కెంలోంచి తిరిగి, మనిషిని మళ్ళీ కిందకి దింపాలి. రెండింతలు కావాలి.”

“మా తమ్ముడు బావి తాడు నడుముకి చుట్టుకుని ఎక్కేవాడయ్యా!”

ప్రతి క్రిస్మస్‌కీ ఊరి వెనక నల్లరాతి మీద నక్షత్రం కట్టేది సొలొమోను తమ్ముడు రత్నబాబే. హైవే మీద బస్సుల్లో పోయేవాళ్ళు కూడా తలతిప్పి చూసేవారు. అతను జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ రాయి చీకటిగానే ఉంటోంది. ఈ ఏడు ఎలాగైనా నక్షత్రం వెలగాలని అతని భార్య దేవమణి పట్టుబట్టింది.

“పోనీ, ఈ బెన్నినే కట్టమను,” అన్నాడు సొలొమోను.

“ఆయన చేత్తో కట్టిన చోటు బావగారూ. మనింటోళ్ళే కట్టాలి,” అంది దేవమణి.

సొలొమోను సొంత కూతురిలా చూసుకునే తమ్ముడి బిడ్డ జాయిస్ వైపు చూశాడు. నందిగామలో డిగ్రీ చదువుతోంది. కిటికీ ఊచకి తాడు ముక్క కట్టి, విప్పి, మళ్ళీ కడుతోంది. రెండు నెలలుగా శనివారం వస్తే చాలు, తల్లీకూతుళ్ళు బెన్ని దగ్గరకని విజయవాడ బస్సెక్కుతున్నారు. పిల్లకి తోడుగా దేవమణి కూడా పనులు మానుకుని తిరుగుతోందని ఆయనకి కష్టంగానే ఉంది.

“మీ ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఏదన్నా జరిగితే రెండోవాళ్ళ గతేంటి?”

“తెలుసు బావగారూ. అందుకే పొడుగుది అడుగుతున్నా.”

దేవమణి పెద్ద చుట్ట మీద చెయ్యి వేసింది. ఆ అరచెయ్యి కాయలు కట్టి ఉంది. మిరపకోతలకి మరీ ఎక్కువగా పోతోంది కాబోలు అనుకున్నాడాయన.

“నా అంత బరువైనా ఆగుద్దా బాబూ?” అంది.

“మీలాంటివాళ్ళు పదిమంది వేలాడినా తెగదమ్మా. కింద పట్టుకునే మనిషే ముఖ్యం. చివర ముడి వేయడం మర్చిపోకూడదు, తాడు చేతిలోంచి జారిపోద్ది.”

“పట్టుకునే మనిషి మీద నాకు నమ్మకమే,” అంది దేవమణి. ఎనభై మీటర్లదే ఉంచుకుంది.

మర్నాడు పొద్దున్నే అందరూ రాతి దగ్గరకి చేరారు. బెన్ని దసరా సెలవుల్లోనే వచ్చి రాతికి కొక్కేలు బిగించి వెళ్ళాడు. ఇవాళ పక్కన నిలబడి చూస్తానన్నాడు. సొలొమోనుకి మాత్రం చూసే ధైర్యం చాల్లేదు. రాతికి వీపు పెట్టి కూర్చుని, తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

“ప్రభువా, ఆ పసిదాన్ని కాపాడు. కాలు జారనీకు,” అని గొణుగుతున్నాడు.

వెనక బెన్ని గొంతు వినిపించింది. “నడుం దగ్గర ముడి చూశారా?”

“చూశాం.”

“తాడు చివర ముడి?”

“అదీ వేశాం.”

సొలొమోను ఇక ఉండబట్టలేక తువ్వాలు తీసి వెనక్కి తిరిగాడు.

రాతి కింద నిలబడి, రెండు చేతులతో తాడు బిగించి పట్టుకుని, “ఎక్కమ్మా,” అంది జాయిస్.