రెండో గిన్నె

"నువ్వు దొంగవి నాన్నా."

బడిసంచీ అయినా దించకుండా గుమ్మంలోనే నిలబడి అంది పాప. బల్ల ముందు కూర్చుని ఎవరిదో చేతిగడియారం విప్పుతున్న తండ్రి తలెత్తాడు.

"ఏం దొంగిలించానే?"

"నక్కపిల్ల వాళ్ళమ్మని."

అతనికి నవ్వొచ్చింది. పిల్ల మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

మబ్బు పడవెక్కి చుక్కల్లో తల్లిని వెతుక్కునే నక్కపిల్ల బొమ్మల పుస్తకం అది. పాప కోసం తల్లి కొని అలమరలో పెట్టింది. ఆమె పోయాక ఈ రెండేళ్ళూ అతనే చదివి వినిపిస్తున్నాడు. పడవ చుక్కలన్నీ తిరుగుతుంది. పేజీ తిప్పితే నక్కపిల్ల ఇంట్లో దుప్పటి ముసుగేసి పడుకుని ఉంటుంది, పక్కన రెండు గిన్నెలు. అంతే కథ.

"ఇవాళ టీచరు అదే పుస్తకం తెచ్చారు. అమ్మ దొరకదని నేను ముందే చెప్పేశా. దొరికింది నాన్నా. పడవెక్కించుకుని తెచ్చేసుకుంది. క్లాసంతా నన్ను చూసి నవ్వారు. రెండో గిన్నె ఎవరిదంటే వాళ్ళ నాన్నదన్నావు. నాకు చదవడం రాదనేగా?"

"మన పుస్తకంలో అలా లేదమ్మా. ఒట్టు."

"మళ్ళీ ఒట్లొకటి."

పాప పుస్తకం తెచ్చి బల్లమీద పడేసింది. చిన్న చిన్న మరలన్నీ చెల్లాచెదరయ్యాయి. అతను పేజీలు తిప్పాడు. చివర్లో ఒక ఆకు వేలికి మందంగా తగిలింది. సన్నటి బ్లేడు తీసుకుని అంచున దూర్చాడు. ఎండిన జిగురు దయతలచినట్టు బొమ్మ చిరక్కుండా విడిపోయింది. లోపల చుక్క తలుపు తెరుచుకుని తల్లినక్క పడవలోకి దూకుతోంది.

"చూశావా. నువ్వే అంటించేశావు." పాప ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. "మనమ్మ కూడా ఇలాగే వస్తుందేమో. అదీ దాచావేమో."

"స్టాంపు కూడా తిన్నగా అంటించలేని వాణ్ణి. నేనెలా చేస్తానే?"

"మరెవరు?"

అతను ఆ అంచు తడిమాడు. జిగురు ఒక్క చుక్కయినా పొంగకుండా, పలచగా, సమంగా ఉంది. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసిన చేతుల పని. ఏ పుస్తకం ముట్టుకున్నా లోపలి మూలన పెన్సిలుతో తేదీ వేసేది అతని భార్య.

"ఇక్కడేవో అంకెలున్నాయి నాన్నా," అంటూ పాప కూడబలుక్కుని చదివింది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తాగా, చిన్న ఆపరేషనేగా" అని నవ్వుతూ అతన్ని నమ్మించి ఆమె ఆసుపత్రికి బయలుదేరింది ఆ తేదీకి మర్నాడే.