దయ ఉన్నంతసేపు

“అవ్వా, లేచి వెనక్కి వెళ్ళండి! తెల్లారగట్ల వచ్చి క్యూలో నిలబడ్డది మేము!” చేరిన్ అనే విద్యార్థిని అరిచింది.

ముందు బల్ల మీది అవ్వ కదల్లేదు. “వెనక కూర్చుంటే వినపడదమ్మా.”

“పైగా ఆ సోయా పులుసు కంపొకటి! కాటికి కాళ్ళు చాపుకుని ఏ పరీక్ష రాస్తారట?”

క్లాసంతా నవ్వింది. ప్యో మాస్టారు నవ్వలేదు. పొద్దుటినుంచీ ఆయన ఒళ్ళు మండిపోతోంది. సియోల్‌లో, నొర్యాంగ్‌జిన్ పేటలోని ఈ కోచింగ్ సెంటరే ఆయన బతుకు. అది నడుస్తున్న అద్దె బిల్డింగును అమ్మేద్దామని యజమానురాలి కొడుకులు కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. ముసలావిడ ఒక్కతే ఒప్పుకోవడం లేదట. ఆమె ముఖం కూడా ఆయన ఎరగడు. అంతా బ్రోకరే చూస్తాడు. మంచి చేసుకుందామని ఖరీదైన జిన్‌సెంగ్ వేళ్ళ డబ్బా కానుకగా పంపితే తిరిగొచ్చింది.

బోర్డు మీద ‘ప్రికేరియస్’ అనే ఇంగ్లీషు మాట రాశాడు.

“దీని పుట్టుక లాటిన్‌లో. వేడుకుని పొందినది అని అర్థం. ఇచ్చినవాళ్ళ దయ ఉన్నంతసేపే నీది. అందుకే, ఎప్పుడు కూలుతుందో తెలియనిదాన్ని ఇప్పుడు ఇలా అంటాం.”

అవ్వ చెయ్యెత్తింది. “ఇంకొక్కసారి చెప్పండి సార్. ఎవరి దయ?”

“నా దయ!” ప్యో మార్కర్ విసిరికొట్టాడు. “ఆ బల్ల మీద నువ్వు కూర్చున్నది నా దయవల్ల. ఇవాళ్టితో అదీ అయిపోయింది. బయటికి నడువు!”

‘నువ్వు’ అన్న మాటకు చేరిన్ కూడా తలదించుకుంది.

అవ్వ కళ్ళజోడు మడిచి సంచిలో పెట్టుకుంది. “ఇప్పుడు బాగా అర్థమైంది సార్” అని వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు. అంత పెద్దావిడను పేరడగడం అక్కడ మర్యాద కాదు. హాజరు పట్టీలోనూ ‘అవ్వ’ అనే ఉండేది.

మర్నాడు బ్రోకరు ఫోన్ చేశాడు.

“సార్, కొంప మునిగింది. ఓనరమ్మ సంతకం పెట్టేసింది. కొన్నవాళ్ళు బిల్డింగు పడగొడతారట.”

“ఇన్నాళ్ళూ ససేమిరా అంది కదయ్యా!”

“అవును సార్. ‘నేనక్కడ చదువుకుంటున్నాను, ఒక్క ఇటుక కదపనివ్వను’ అని కొడుకులతో పోట్లాడేదట. నిన్న ఇంటికెళ్ళి ‘నా చదువైపోయింది, అమ్ముకోండి’ అందట. నాకూ ఇవాళే తెలిసింది.”

 ప్యో మెల్లగా అడిగాడు.

“ఎక్కడ చదువుకునేదట?”

“మీ దగ్గరే సార్. ముందు బల్ల మీద.”