సుధారాణి గారే కావాలి

“కొత్త కేసులు మానేశానమ్మా. పక్క వీధిలో మంచి లాయర్లున్నారు, వెళ్ళు,” అంది సుధారాణి ఫైల్లోంచి తలెత్తకుండానే.

“నాకు మీరే కావాలమ్మగోరూ.”

ఎదురుగా నిలబడ్డ దేవి కదల్లేదు. జాలరిపేటలో చేపలమ్ముకునే మనిషి. జూనియర్ యశస్విని రెండుసార్లు పంపేసినా మూడోసారి వచ్చి గుమ్మంలో కూర్చుంటే, లోపలికి రానివ్వక తప్పలేదు.

మేడమ్ ‘మానేశాను’ అనడం యశస్విని ఈ ఏడాది చాలాసార్లు వింది. మానేసిన దాఖలా మాత్రం లేదు. ముప్ఫయ్యేళ్ళుగా విశాఖ ఫ్యామిలీ కోర్టులో పిల్లల కేసులు తప్ప మరొకటి ముట్టని మనిషి, అంత తేలిగ్గా ఎలా మానేస్తుంది?

“సరే, కూర్చో. ఏమిటి సంగతి?”

“మా సెల్లి పోయి నాలుగేళ్ళయింది. దాని కూతురు ధనశ్రీని నానే పెంచుతన్నాను. ఆళ్ళ నాన్న ఇన్నాళ్ళూ మొకం సూపనేదు. ఇప్పుడు పిల్లని ఇచ్చీమని కోర్టుకెళ్ళాడు. ఆడి పేరు సెప్తే పిల్ల మంచం కింద దూరిపోతంది. ఎల్లుండే వాయిదా.”

“ఇంకో లాయరైనా గట్టిగానే వాదిస్తాడు కదా?”

“వాదిత్తాడు. పిల్లతో మాటాడ్డం రావాలి కదమ్మా! పద్దెనిమిదేళ్ళ కిందట జడ్జిగోరి గదిలో మిమ్మల్ని సూసేను. ఆరేళ్ళ పిల్ల, ఎవులడిగినా నోరిప్పనేదు. మీరు నల్లకోటుతోనే నేల మీద కూకుని, ‘రాత్రి ఏం తిన్నావు తల్లీ’ అన్నారు. ‘ఏటీ తిన్నేదు’ అంది. అంతే, జడ్జిగోరు పిల్లని ఎలమంచిలి మేనత్తకి ఇచ్చీసేరు.”

సుధారాణి పెన్ను పక్కన పెట్టింది. ఆ పిల్లను ఆవిడ మరిచిపోలేదు.

“ఎలా ఉందిప్పుడు?”

“పరవాడలో మందుల కంపెనీలో ఉజ్జోగం. మొన్న బస్సు కాడ సూసేను. ఒళ్ళు సేసింది, నవ్వుతంది. అంతా మీ దయేనమ్మా.”

మేడమ్ కళ్ళు చెమర్చడం యశస్విని మొదటిసారి చూసింది. గెలిచినవాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. ఆ పిల్ల తర్వాత ఎలా బతికిందో చెప్పడానికి ఇన్నేళ్ళలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు యశస్వినికి గర్వంగా అనిపించింది.

“అయితే ఆ మేనత్త తరఫు చుట్టానివన్నమాట. ముందే చెప్పొచ్చుగా!” సుధారాణి నవ్వుతూ వకాలతు ఫారం తీసి, తన సంతకం పెట్టేసి దేవి ముందుకు జరిపింది. “నువ్వూ ఇక్కడ పెట్టు. ఒక్క మాట, నా దగ్గర ఏదీ దాచకూడదు. నీకు పిల్లని పెంచే యోగ్యత లేదని అవతలి లాయరు అంటాడు. ఏం చూపించి అంటాడు?”

దేవి పెన్ను అందుకోలేదు. 

“ఆ రోజు ఏటీ తినని పిల్ల నా కూతురమ్మగోరూ.”