పదో ఫోను

"మిగతా డబ్బు కట్టకపోతే ఆసుపత్రివాళ్లు దీని విరిగిన కాల్లో వేసిన స్టీలు ప్లేటు విప్పుకుపోతారేమో!" అంది తల్లి, సూదిలోకి దారం ఎక్కిస్తూ. దారం మూడోసారి పక్కకు పోయింది.

మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న కూతురు పుస్తకంలోంచి తలెత్తింది.

"ఎలా విప్పుతారమ్మా? స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంటికొస్తారా?"

"నవ్వు, నవ్వు. వచ్చాక తెలుస్తుంది."

తల్లి నిజంగానే అలా అనుకుంటోంది. తండ్రి జీతం మీద అడ్వాన్సు తెచ్చి సగం కట్టాడు. ఆసుపత్రికి ఇంకా నలభై వేలు బాకీ. ఇంట్లో అమ్ముకోదగ్గది కుట్టుమిషను ఒక్కటే. అది ఆడితేనే పొయ్యి వెలుగుతుంది. దాన్ని ఎక్కడ ఎత్తుకుపోతారోనని ఆవిడ మిషను మీద దుప్పటి కప్పి, పైన దిండ్లు పేర్చింది. ఇప్పుడది అచ్చం దుప్పటి కప్పి దాచిన కుట్టుమిషనులాగే ఉంది. మొన్న వీధి చివర తెల్లచొక్కా కనబడగానే ఆసుపత్రి మనిషేననుకుని తలుపు గడియ పెట్టేసింది. వచ్చింది సొంత మరిది. పావుగంట తలుపు బాది, అలిగి వెళ్లిపోయాడు.

వారం రోజుల్లో ఆసుపత్రి నుంచి తొమ్మిదిసార్లు ఫోను మోగింది. ఒక్కసారీ ఎత్తలేదు.

"చూశారా అత్తయ్యా, ప్రతిసారీ మూడు రింగులకే కట్ చేస్తున్నారు. నాలుగో రింగు దాకా ఆగే ఓపిక కూడా లేదంటే మన మీద ఎంత మండిపోతున్నారో!"

గుమ్మంలో కూర్చుని తలకు నూనె పట్టించుకుంటున్న అత్తగారు ఇటు తిరగనైనా తిరగలేదు.

"మండితే మండనీ. నువ్వు మాత్రం ఎత్తకు. ఎత్తితే వాళ్లు అడుగుతారు. వాళ్లు అడిగితే నీ నోరు ఊరుకోదు."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆటో అతను వంద అడిగితే, ఎక్కడ తిడతాడోనని నూట ఇరవై చేతిలో పెట్టి, చిల్లర కూడా అడగకుండా దిగిపోయే మనిషి ఈ కోడలు.

"ఎత్తకపోతే ఎగ్గొట్టి పారిపోయారనుకోరూ?"

"అనుకోనీ. అనుకున్నంత మాత్రాన మన ఒంటికేమైనా అంటుకుంటుందా?"

తల్లి దారం కింద పెట్టేసింది.

"సోమవారం మళ్లీ అక్కడికే కదా తీసుకెళ్లాలి? ఆ రోజు చూపించకపోతే మోకాలు బిగుసుకుపోతుందన్నారు. బాకీ ఉందని గేటు దగ్గరే ఆపేస్తే? దీని కాలు ఇలాగే ఉండిపోతే?"

కూతురు పుస్తకం మూసింది. "ఆపరమ్మా. డాక్టరుగారు నాతో ఎన్ని జోకులేశారో తెలుసా?"

"డాక్టరు జోకులు వేస్తాడే. బిల్లు వేసేవాళ్లు వెయ్యరు."

అంతలో దిండ్ల మధ్య ఎక్కడో ఫోను మోగింది.

ఒక రింగు. తల్లి కొయ్యబారిపోయింది. ఆసుపత్రి గేటు, గేటు బయట కర్ర పట్టుకుని నిలబడ్డ కూతురు, ఇరవై ఏళ్ల తర్వాత అదే కర్రతో అదే గేటు బయట అదే కూతురు, అన్నీ ఆ ఒక్క రింగులో కనబడిపోయాయి.

రెండో రింగు. తల్లి దిండ్ల మీద పడింది. దిండ్లు ఒకవైపు, దుప్పటి ఒకవైపు జారాయి. మిషను బట్టబయలైంది.

"ఎత్తకే పిచ్చిదానా!" అరిచింది అత్తగారు.

మూడో రింగు మోగుతుండగానే తల్లి ఎత్తేసింది.

"హలో, నేనేనండీ! ఎక్కడికీ పారిపోలేదు, ఇంట్లోనే ఉన్నాం. తొమ్మిదిసార్లూ వినబడింది, కావాలనే ఎత్తలేదు, తప్పయిపోయింది. నలభై వేలు మా బాకీయే, ఒప్పుకుంటున్నా. మిషనుందండీ, దుప్పటి కింద దాచాను. అమ్మి కట్టేస్తా. సోమవారం మా పిల్ల కాలు మాత్రం చూడండి, మీకు పుణ్యముంటుంది!"

అత్తగారు నూనె చేత్తోనే నుదురు కొట్టుకుంది.

అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"హలో... ఉన్నారాండీ?"

తల్లి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "పోలీసులకు సైగ చేస్తున్నట్టుందే."

"ఫోన్లో సైగ నీకెలా కనబడిందమ్మా?"

"ష్! వింటున్నారు." చెయ్యి తీసేసింది. అవతల ఇంకా నిశ్శబ్దమే. "పోనీ, నలభై అయిదు కట్టమంటారా?"

ఇంకా కాసేపు ఫ్యానే తిరిగింది. చివరికి ఓ ఆడగొంతు పలికింది. కోపంగా కాదు, పక్కసీటు వాళ్లకు వినబడకూడదన్నట్టు గుసగుసగా.

"అమ్మా, పాప కాలు సోమవారం ఎలాగూ చూస్తారు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక బాకీ అంటారా, పదిసార్లు ఫోను చేసినా ఎవరూ ఎత్తకపోతే వసూలు కాదని రాసేసి ఆసుపత్రే భరించాలని మా దగ్గర రూలు. మీ ఫైలు మీద తొమ్మిది టిక్కులు పెట్టుకుని ఇప్పుడు పదోది పెట్టబోతున్నాను, ఇంతలో మీరు ఎత్తారు. రాంగ్ నంబరు తగిలిందని రాసుకుని మళ్లీ చేస్తాను, మీకు దణ్ణం పెడతాను, ఈసారికి ఎత్తకండమ్మా!"