ఇటుక మీదికి ఒక్క ఎగురు

ధాన్యం మిల్లు పెరట్లో ఒక కౌజుపిట్టల కుటుంబం ఉండేది. కాళ్ల దగ్గరే నూకలు దొరికేవి కాబట్టి వాటికి ఎగిరే పనే పడలేదు. ఒకనాడు పిల్లి దూకింది. ఒళ్లు బరువెక్కిన తండ్రి కౌజు రెక్కలు కొట్టుకుంది గానీ నేల విడవలేక దాని నోట పడింది.

మర్నాడే తల్లి తన రెండు పిల్లల్నీ చెట్టెక్కమని తరిమింది. అవి ఎగరలేక కిందపడి ఏడ్చాయి.

"ఎగిరే అలవాటు తప్పనిచ్చి మీ నాన్నను చంపిందీ, మిమ్మల్ని పాడుచేసిందీ నేనే!" అంటూ తల్లి ముక్కుతో రొమ్ము పొడుచుకుంది.

పక్కగూటి గువ్వ జాలిపడింది. "పొడుచుకుంటే రెక్కలకు బలం రాదు వదినా. మేత మధ్యలో ఆ ఇటుక మీదికి ఒక్కసారి ఎగరండి చాలు. ఓ పూట కుదరకపోతే మర్నాడు ఎగరండి."

అలాగే పిల్లలు ఇటుక నుంచి బస్తా మీదికీ, బస్తా నుంచి గోడ మీదికీ ఎగరడం నేర్చాయి.

"నువ్వూ రా అమ్మా," అని పిలిచేవి.

"నాకు పనుంది, తర్వాత చూద్దాంలే," అనేది తల్లి.

వానలు మొదలయ్యాక పిల్లి మళ్లీ వచ్చింది. పిల్లలు గోడెక్కాయి. తల్లి ఇటుక దగ్గరే దొరికిపోయింది.

"అమ్మా!" అంటూ అవి కిందికి వంగాయి.

"దిగకండి," అంది తల్లి పంజా కింద నుంచి. "ఇందులో మీ తప్పేం లేదు."