పెప్పర్ కోసం ఒక్క తూటా

"మూడు లోపలికే పోలేదు. నాలుగోది పోయింది గానీ పేలలేదు," అంటూ వెండెల్ తన పిస్టల్‌నూ తూటాల డబ్బానూ బల్ల మీద పెట్టాడు.

ఓరిన్ కళ్ళజోడు సవరించుకున్నాడు. మోంటానాలో ఆ మూల, కాల్చేసిన ఇత్తడి గుల్లల్లో మళ్ళీ మందు దట్టించుకోవడం ఇంటింటా ఉన్న అలవాటే. మొండికేసిన తూటాలన్నీ చివరికి ఓరిన్ షెడ్డుకే చేరతాయి. వెండెల్ తూటాలు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"దేన్ని కొట్టబోయావురా?"

"పెప్పర్‌ని." వెండెల్ కిటికీలోంచి ఎండిన సెప్టెంబరు గడ్డిని చూస్తున్నాడు. "ముసలిదైపోయింది. దాని బాధ ఇంక చూడలేను."

పెంచిన కుక్క బాధను పెంచినవాడే తీర్చాలి. పశువుల డాక్టరుకు అప్పగించి తప్పుకుంటే అక్కడ చేతగానివాడంటారు. ఓరిన్ పిస్టల్ విప్పి, గొట్టాన్ని వేరుచేసి, తూటాలను ఒక్కొక్కటిగా అందులో జారవిడిచాడు. మంచి తూటా టక్కున కూర్చోవాలి. ఇవి సగంలోనే ఇరుక్కున్నాయి. బుల్లెట్ పెట్టాక గుల్ల మూతిని మళ్ళీ నొక్కి బిగించాలి, అది సరిగా నొక్కలేదని చెప్పాడు. పేలనిదాన్ని తిప్పి, అడుగున వేలితో తడిమాడు. మందును అంటించే నిప్పుబిళ్ళ పూర్తిగా దిగలేదు. పిస్టల్ సుత్తి దెబ్బంతా దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చయిపోయింది.

"ఇవి తడిమి చూడటం మార్జ్ పని కదూ?"

వెండెల్ తలూపాడు. అతను మందు దట్టిస్తే, భార్య పక్కన కూర్చుని ప్రతి తూటా అడుగునా వేలు ఆనించి చూసి డబ్బాలో పెట్టేది. కిందటి చలికాలంలో మార్జ్ పోయింది.

"తింటోందా?" అని అడిగాడు ఓరిన్.

"లేదు."

"నిద్ర?"

"నిద్రా లేదు. రాత్రంతా ఇల్లంతా తిరుగుతుంది. మార్జ్ కుర్చీ దగ్గరికెళ్ళి నిలబడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"తను పోయినప్పట్నుంచే."

వెండెల్ చూపు గోడకున్న అర మీదికి పోయింది. అక్కడ ఓరిన్ చేసుకున్న తూటాలు వరసగా మెరుస్తున్నాయి.

"నీదొకటి ఇవ్వరా. ఒక్కటి చాలు."

"ఇంకొకడు దట్టించిన తూటా మన పిస్టల్లో పెట్టకూడదు. నాకా మాట నేర్పిందే నువ్వు."

ఓరిన్ పిస్టల్ గొట్టాన్ని తుపాకులు కడిగే మందునీళ్ళ సీసాలో పడేసి మూత బిగించాడు. లోపలంతా సీసం పేరుకుపోయిందనీ, రాత్రంతా నానాలనీ అన్నాడు. నిజానికి గొట్టం లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. అది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత ఓరిన్ డబ్బాలోని తూటాలన్నీ విప్పదీసి, మందును ఇంకో డబ్బాలోకి వంచేశాడు. ఆ పని కావాలనే నింపాదిగా చేశాడు.

"మీ ఇంట్లో రైఫిల్ ఉందిగా, దాన్నీ చూడాలి. పద, నా బండిలో పోయి తెచ్చుకుందాం. పొయ్యి మీద జింక మాంసం ఉడుకుతోంది. రాత్రికి ఇక్కడే పడుకో."

"మరి పెప్పర్ సంగతి?"

"రేపు చూద్దాం. రేపు మనిద్దరం కూర్చుని కొత్తవి చేద్దాం. నువ్వు దట్టించు, అడుగు నేను తడిమి చూస్తా."

వెండెల్ టోపీ తీసుకుని లేచాడు. అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు తనే వేశాడు ఓరిన్. ఇంత భయం ఓరిన్ జన్మలో ఎరగడు. ఒక కన్ను వెండెల్ మీదే ఉంచి బండి తాళం తిప్పాడు.

పెప్పర్‌ని అయిదు నెలల కిందటే, ఏప్రిల్లో, వాళ్ళిద్దరూ కలిసి పాతిపెట్టారు.