ఆఖరి పాటలో దెబ్బలు

దబ్. దబ్. దబ్.

పాట ఆఖరి చరణంలో ఉండగా గోడ అదిరింది. గోడకి ఆనించిన మైకు స్టాండు ఊగిపోయింది.

సూర్యకళ హెడ్‌ఫోన్స్ లాగి మంచం మీద పడేసింది.

రామచంద్రపురంలో ఆ అద్దె పోర్షన్ వెనక గదే ఆమె స్టూడియో. తలుపుకి ఒక బొంత, కిటికీకి ఒక బొంత. ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా పాడాలి.

మాటలూ ఆమెవే, బాణీలూ ఆమెవే. తొమ్మిదితో చదువాగిపోయిన పిల్ల ఆల్బమ్ చేస్తుందంటే నవ్వనివాళ్ళు లేరు. బాబు ముందు గదిలో నిద్రపోయే మధ్యాహ్నాల్లోనే ఒక్కో పాటా పూర్తిచేసుకుంటూ వచ్చింది.

కోటిపల్లి రేవు మీద కట్టుకున్న ఈ పాటే ఆఖరిది. ఇదొక్కటీ అయితే ఆమె మొదటి ఆల్బమ్ అయిపోయినట్టే.

దబ్. దబ్. దబ్. దబ్.

"ఏం మనుషులో!" అనుకుంటూ విసురుగా ముందు గదిలోకి వచ్చింది.

ఉయ్యాల్లో బాబు నోరు తెరిచే ఉంది. ఏడుపు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బాబూ! ఒరేయ్ బాబూ!"

మొహాన నీళ్ళు చల్లింది. వీపు తట్టింది. భుజాన వేసుకుని గదంతా తిరిగింది.

ఎట్టకేలకు బాబు కెవ్వుమన్నాడు.

గోడ మీద దెబ్బలు ఆగిపోయాయి.

"ఇప్పటికి ఆపారు పక్క పోర్షన్ వాళ్ళు!"

డాక్టరుగారు చూసి, "గుక్కపట్టాడమ్మా. మీరు ఇంకాస్త ఆలస్యంగా చూసుంటే ఏమయ్యేదో చెప్పలేం. ఎందుకంతలా ఏడ్చాడు?" అన్నారు.

"జడుసుకున్నాడండి. నిద్రపోయే పిల్లాడి పక్కన గోడ బాదేస్తే జడుసుకోడా అండి?"

ఆటో దిగుతూనే బాబునెత్తుకుని పక్క పోర్షన్ గుమ్మంలో నిలబడింది.

రైస్ మిల్లులో పనిచేసే రాజరత్నం, తల్లి సంపూర్ణమ్మతో కలిసి ఈమధ్యే అక్కడ దిగాడు. ఇంతవరకూ పలకరింపుల్లేవు.

"నా పాట నచ్చకపోతే నోటితో చెప్పొచ్చు కదండీ! చంటిపిల్లాడి ప్రాణం మీదకి తెస్తారా?"

రాజరత్నం కంగారుపడ్డాడు. "అయ్యో, మా అమ్మకి పక్షవాతమండి. మాట పడిపోయింది. ఏదన్నా కావాలంటే కర్రతో కొడతాదండి, అంతే."

"కావాలంటే మీ మంచం కొట్టుకోమనండి. నా బిడ్డ నీలంగా అయిపోయాడండి!"

గోడ వారగా మంచం మీదున్న సంపూర్ణమ్మ బాబుని చూసింది. వంకరపోయిన మూతి ఇంకా వంకరైంది. నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఆఁ... ఆఁ..." అంటూ చెయ్యి చాచింది.

"నవ్వుతోంది చూడండి! నా కొడుకు పోతే పండగ చేసుకుందురేం!"

సూర్యకళ బాబుని గుండెలకి అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది.

రాజరత్నం తల్లి చేతిలో కర్ర పట్టుకుని లాగాడు. ఆవిడ వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా మంచం పెరట్లో రేకుల షెడ్డులోకి మారింది.

"ఇంక మీకు ఇబ్బంది ఉండదండి. మనసులో పెట్టుకోకండి," అన్నాడు.

బాబుని వదిలి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళడానికి సూర్యకళకి మనసొప్పలేదు. ఆఖరి పాట ఉన్నదున్నట్టే రాజమండ్రిలో రమేష్ బాబుకి పంపేసింది. పాటలన్నీ శుభ్రం చేసి ఆల్బమ్‌గా కూర్చేది అతనే.

"చప్పుళ్ళు నువ్వే తీసెయ్యి తమ్ముడూ. నేను మళ్ళీ పాడలేను."

నెల తిరక్కుండా పక్కింటి ముందు షామియానా వేశారు.

సంపూర్ణమ్మ పోయింది.

"ఎప్పుడు పోయిందో కూడా తెలీదండి. తెల్లారి కాఫీ ఇద్దామని వెళ్తే..." రాజరత్నం షెడ్డు వైపు చూశాడు. "కర్ర దగ్గరుంటే పిలిచేదేమోనండి."

సూర్యకళ తల వంచుకుని వచ్చేసింది. బిడ్డ కోసమే కదా అన్నాను అని మనసుకి సర్దిచెప్పుకుంది.

మర్నాడు రమేష్ బాబు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆఖరి పాట పట్టుకున్నాను. దెబ్బలతో పాటు చిన్నగా బాబు ఏడుపు కూడా పడింది. రెండూ తీసేయనా?"

"తీసెయ్. ఆవిడ కొట్టబట్టే కదా లేచి ఏడ్చాడు వాడు."

రమేష్ బాబు ఆ ముక్క ఇంకోసారి విన్నాడు.

"చప్పుళ్ళ వరస అలా లేదక్కా."

"అంటే?"

"నీ గొంతు పక్కకి తీసేసి, వెనక చప్పుడొక్కటే పంపుతున్నా. నువ్వే విను."

సూర్యకళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

ఎక్కడో దూరంగా బాబు ఏడుస్తున్నాడు. తను పాడుకుంటున్న ముందు రెండు చరణాలంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. గోడ మీద ఒక్క దెబ్బ కూడా లేదు.

ఉన్నట్టుండి ఏడుపు తెగిపోయింది.

ఆ తెగిన చోట, సంపూర్ణమ్మ మొదటి దెబ్బ కొట్టింది.